దోమక్క చూపుడువేలు

ఆ ఆసుపత్రిలో రక్తం తీసే ఆవిడని అందరూ దోమక్క అనేవాళ్లు. సూది దిగిందని తెలిసేలోపే పని కానిచ్చేస్తుందని ఎప్పుడో ఒక పేషెంటు పెట్టిన పేరు అది. మొదట్లో మూతి ముడుచుకునేది. పోనుపోను ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనని కాదేమో అనుకుని తిరిగి చూడటం కూడా మానేసింది.

ల్యాబులో ఆవిడ చోటు కిటికీ పక్కన. పేషెంటుకి ఒక కుర్చీ, చెయ్యి ఆనించుకోవడానికి చిన్న దిండు, రంగురంగుల మూతల ట్యూబులు, వాడిన సూదులు పడేసే డబ్బా. చంటిపిల్లలు, ముసలివాళ్లు, సెలైన్లు ఎక్కించీ ఎక్కించీ నరాలు దాక్కున్నవాళ్లు ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. వార్డులో ఎవరికీ నరం దొరక్కపోతే, "పోయి దోమక్కని పిలుచుకురండి" అనేవాళ్లు.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. గ్లౌజులు తొడుక్కోగానే ఎడమచేతి చూపుడువేలి కొన దగ్గర గ్లౌజుని పళ్లతో పట్టి పుటుక్కున తెంపేసేది. బయటపడ్డ ఆ వేలికొనతో మోచేతి మడతలో తడిమి నరం పట్టేది.

"రబ్బరుకేం తెలుస్తుందే నరం సంగతి? చర్మం చర్మంతోనే మాట్లాడుతుంది" అనేది ట్రైనీ పిల్లలతో. వాళ్లూ నవ్వుకుంటూ తెంపేవాళ్లు. కొన తెగిన గ్లౌజు ఉంటే పని వచ్చేసినట్టే వాళ్ల లెక్కలో.

ఒకళ్ల జబ్బు ఇంకొకళ్లకి అంటకుండా చూసే పని ఒక నర్సుది. వెనకాల అందరూ గ్లౌజుల సిస్టర్ అనేవాళ్లు. ఆవిడ చూసినప్పుడల్లా మండిపడేది.

"ఏం దోమక్కా, మిగతా వేళ్ల మీద ఉన్న ప్రేమ దీనిమీద లేదేం? ఇదేమైనా సవతి పిల్లా?"

"ఇది నాకు అన్నం పెట్టే వేలు సిస్టర్."

"అందుకే కప్పుకోమంటున్నా. ఇంకోసారి చిరిగిన గ్లౌజు నా కంటబడిందా, నిన్ను సూది ముట్టనివ్వను. పాత కాగితాల గదిలో కూర్చోబెడతా, బొద్దింకలకి తీసుకో రక్తం!"

ల్యాబంతా నవ్వింది. దోమక్కా నవ్వింది. నవ్వలేకపోయింది ఒక్కతే, దోమక్క చెల్లెలి కూతురు.

చెల్లెలు పోయాక ఆ పిల్లని దోమక్కే పెంచింది. ఆవిడకి పెళ్లి లేదు. ఒక గది, ఒక పొయ్యి, ఈ పిల్ల, అంతే సంసారం. చదువు కాగానే తన ల్యాబులోనే ట్రైనీగా చేర్పించింది. పిల్ల చెయ్యి తేలిగ్గా ఆడేది.

"తెంపనా పెద్దమ్మా?" అని మొదటిరోజే అడిగింది పిల్ల.

"తెంపక? గుడ్డిదానిలా పొడుస్తావా?"

ఒకరోజు పొద్దున కూర తరుగుతుంటే పిల్లకి సరిగ్గా ఆ వేలికొనే తెగింది. చిన్న గాటు. పట్టించుకోలేదు. ల్యాబుకి వచ్చి, కళ్లు పచ్చబడిన ఒకాయనకి రక్తం తీసింది. మూత పెడుతుంటే ట్యూబు జారి, రక్తం ఆ వేలిమీదుగా కారింది. గబగబా దూదితో తుడిచేసింది.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో గోడమీద రాసే ఉంది. సబ్బుతో, పారే నీళ్ల కింద కడుక్కోవాలి. వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. ఆలస్యం చెయ్యకుండా ఇంజెక్షన్ వేయించుకోవాలి. పిల్లకి అదంతా కంఠతా వచ్చు. రక్తంతో అంటే కామెర్లకి వేసే మూడు డోసుల టీకాలో తనకి ఒక్కటే పడిందనీ తెలుసు. కానీ వేలిమీద గ్లౌజు ఏమైందని అడుగుతుంది సిస్టర్. అది చెబితే పెద్దమ్మ కాగితాల గదికి పోతుంది. చెప్పలేదు.

నెలలు గడిచాక, అన్నం వాసనకే కడుపులో తిప్పి, పిల్ల కళ్లు కూడా పచ్చబడ్డాయి.

"నాకైనా చెప్పొచ్చు కదే!" అంది దోమక్క, అప్పుడు సంగతంతా విని.

"నీకు చెబితే నన్ను లాక్కుపోయి నీ నోటితో నువ్వే చెప్పేస్తావు. ఆ కుర్చీ దగ్గర్నుంచి లేపేస్తే నువ్వు బతుకుతావా పెద్దమ్మా?"

దోమక్క పిల్ల చెయ్యి పట్టుకుంది. పిల్లని తీసుకెళ్లి సిస్టర్ ముందు అంతా చెప్పేసింది. సిస్టర్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"పెద్దవాళ్లలో చాలామందికి ఇది దానంతటదే పోతుంది" అన్నాడు డాక్టరు. "ఆరు నెలలాగి మళ్లీ చూద్దాం. అప్పటికీ ఉందంటే ఇక ఉండిపోయినట్టే. ఎప్పటికప్పుడు లివరు చూపించుకుంటూ, మందులంటే మందులు వాడుకుంటూ బతకాలి."

దోమక్కని కాగితాల గదికి ఎవరూ పంపలేదు. పిల్ల దేనికి భయపడి నోరు మూసుకుందో అది జరగనే లేదు. గ్లౌజు నిండుగా తొడుక్కుని రక్తం తియ్యమని సిస్టరే చెప్పింది. నిండు గ్లౌజుతో తనకి చేతకాదంది దోమక్క. ట్యూబులకి చీటీలు అంటిస్తూ మూల కూర్చుంది.

ఇంట్లో పిల్ల కంచం తీసుకుని దూరంగా కూర్చునేది.

"పక్కన కూర్చుని తింటే అంటదే. ల్యాబులో చేస్తున్నావు, తెలియదా?"

"తెలుసు" అని ఇంకాస్త జరిగేది.

ఆరు నెలలూ గడిచాయి. పరీక్షరోజు పిల్ల వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

"నువ్వే తియ్యి పెద్దమ్మా. ఇంకెవరి చేతా పొడిపించుకోను."

దోమక్క గ్లౌజులు తొడుక్కుంది. అలవాటుకొద్దీ వేలు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. పట్టీ బిగించి, నిండు గ్లౌజుతోనే మోచేతి మడతలో తడిమింది. నరం తగిలింది. మెత్తగా ఉబ్బి, ఎప్పట్లాగే. పొరపాటేమోనని వేలు తీసి మళ్లీ పెట్టింది. అక్కడే ఉంది.

"ఏం, దొరకలేదా?"

"దొరికింది."

"మరి ఏడుస్తావేం?"

దోమక్క సూది దించింది.

"దోమ కుట్టినట్టు కూడా లేదు" అంది పిల్ల, ఆవిడని నవ్విద్దామని.

పరీక్ష కార్డు మీద మొదటి గీత వచ్చింది. అది అందరికీ వచ్చేదే. రెండోది జబ్బు ఉంటేనే. ఇద్దరూ ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చున్నారు. ముందు అనుమానంగా, తర్వాత అనుమానం లేకుండా, ఆ రెండో గీత కూడా వచ్చింది. పిల్ల కిందికి లాక్కున్న చొక్కా చెయ్యికి బొత్తాం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఎంతకీ పట్టలేదు.

పక్క కుర్చీలో ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని కొత్త ట్రైనీ పిల్ల అవస్థ పడుతోంది.

"దోమక్కా, నరం అందట్లేదు. తెంపనా?"

"వద్దు. తెంపకుండానే తెలుస్తుంది" అంది దోమక్క. ఆ మాట ఆవిడకే సరిగ్గా వినపడలేదు.

పక్క కుర్చీ దగ్గర్నుంచి పుటుక్కుమన్న చప్పుడు వచ్చింది.