రాతి మీద వదిలిన చోటు

సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కే మేస్త్రికి చావంటే భయం లేదు. ఎవరో ఒకరి చావు కబురుతోనే కదా ఆయనకు తెల్లవారేది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, ఇక ఉలి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పినప్పుడు కూడా, ఇంకా ఎన్నాళ్ళుంటానని ఆయన అడగలేదు. ఆయన్ని తినేస్తున్న బెంగ వేరు. అది పైకి చెబితే నలుగురూ నవ్వుతారు. డెబ్బై దాటిన మనిషి, పరలోకంలో తన పెళ్ళాం తనకు దక్కుతుందో లేదో అని కుమిలిపోతున్నాడు.

మీరు మాత్రం నవ్వకండి. సంగతి వినండి.

ఆవిడ మొదటిసారి ఆయన షెడ్డుకు వచ్చింది భర్త సమాధికి రాయి చెప్పడానికి. కరెంటు పనివాడు, స్తంభం మీదినుంచి పడి చనిపోయాడు. ఆమె చంకలో చంటిపిల్ల. మేస్త్రి పనిలో ఒక పద్ధతి ఉంది. భార్యాభర్తల్లో ఒకరు ముందు పోతే, పేరు పై సగంలోనే చెక్కి, కింది సగం రెండోవాళ్ళ కోసం ఖాళీగా వదులుతారు. ముందే అడిగి వదలాలి, తరవాత అతుకు వేసుకోవడానికి రాయి గుడ్డ కాదు. మేస్త్రి అడిగాడు, ఆమె తలూపింది. ఆ ఖాళీని ఆయన అద్దంలా సానపెట్టాడు. పడుచుపిల్ల, ఈ చోటుతో పని పడేసరికి ఎన్నేళ్ళవుతుందో, అప్పటిదాకా నాచు పట్టకూడదనుకున్నాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. మేస్త్రి గొయ్యి తియ్యలేదు, సానపెట్టాడు. అంతే తేడా.

రాయి నిలబెట్టాక, దాన్ని తుడవడానికి ఆమె వస్తూ ఉండేది. పిల్ల షెడ్డులో రాతిముక్కలతో ఆడుకునేది. ఎవరూ నేర్పకుండానే ఒకరోజు ఆ పిల్ల మేస్త్రిని నాన్నా అని పిలిచింది. పెద్దవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కొన్నాళ్ళకు ఆ మాటను నిజం చేశారు. మరణం విడదీసేదాకా తోడుంటామని చర్చిలో ప్రమాణం చేసి పెళ్ళాడారు. విడదీశాక ఏమిటన్నది ఆ రోజు మేస్త్రికి తట్టలేదు. అంత సంతోషంలో ఎవరికి తడుతుంది?

ఇప్పుడు మంచం మీద పడుకుంటే అదే తడుతోంది. చనిపోయినవాళ్ళంతా లేచే రోజున కడబూర మోగుతుంది. సమాధులు తెరుచుకుంటాయి. ఆమె తన మొదటి భర్త పక్కనుంచి లేచి, కళ్ళు నులుముకుని చూస్తే ముందుగా కనిపించేది అతని మొహమే. అతనికి ముప్ఫై కూడా నిండవు, తల నిండా నల్లటి జుట్టు. తనేమో ఎక్కడో ప్రహరీగోడ వార ఒంటరిగా లేచి, దగ్గుకుంటూ వాళ్ళిద్దరి వెనక నడవాలి. అక్కడ రోగాలుండవని చిన్నప్పటినుంచీ వింటున్నవాడే. అయినా మేస్త్రి బెంగలో మాత్రం దగ్గు ఉంది.

ఉండబట్టలేక ఆరాధన అయ్యాక పాస్టరుగారిని పక్కకు పిలిచాడు.

"అయ్యగారూ, ఒకావిడకి ఒక భర్త పోయాక ఇంకో భర్త వచ్చాడనుకోండి. అంతా పద్ధతి ప్రకారమే. పునరుత్థానంలో ఆవిడ ఎవరి భార్య అవుతుంది?"

"ఎవరి సంగతి మేస్త్రీ?"

"ఎవరో లెండి. మీకు తెలియదు."

పాస్టరుగారికి తెలియకపోవడమేమిటి, సంఘమంతటికీ తెలుసు. అయినా పెద్దమనసుతో తెలియనట్టే జవాబిచ్చారు. "ఇదే మాట ప్రభువునీ అడిగారు. ఒకావిడ ఒకరు పోయాక ఒకర్ని ఏడుగురు అన్నదమ్ముల్ని పెళ్ళాడిన కథొకటి అల్లి మరీ అడిగారు. అక్కడ పెళ్ళిళ్ళే ఉండవు, అందరూ దేవదూతల్లా ఉంటారన్నాడాయన."

"అంటే ఆయనకీ కాదు, ఈయనకీ కాదా?"

"ఇక్కడికన్నా తక్కువేం ఉండదు మేస్త్రీ. ఎక్కువే ఉంటుంది. ఎలాగంటే నాకూ తెలీదు. ప్రేమ పోదు, అది మాత్రం తెలుసు."

పిల్లుల తగువు కోతి తీర్చినట్టుందని మేస్త్రికి అనిపించింది. దేవుడి దగ్గర అనకూడని పోలిక గనక లోపలే మింగి, ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. వడ్డించిన అన్నం ఆయన కెలికి వదిలేశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఈపాటికి కూరకి వంక పెట్టేవారు. చెప్పండి."

"నేను పోతే నన్ను గోడవార ఎక్కడో పెట్టించు," అన్నాడు గోడకేసి చూస్తూ. "నీ చోటు నీకుంది కదా. నా చేత్తోనే సానపెట్టాను."

మిషను ఆగిపోయింది. ఆవిడకు అంతా అర్థమైంది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఇదా మీ కడుపులో పెట్టుకున్నది? నేను ఆయన్ని మరిచిపోయానని చెప్పలేను, అబద్ధమవుతుంది. పైకి వెళ్ళాక ఆయన్ని చూడాలనే ఉంది. ఎందుకో తెలుసా?"

మేస్త్రికి తెలుసుకోవాలని లేదు. ఆవిడ ఆగలేదు.

"పనికి వెళ్తూ ఆయన అన్న ఆఖరి మాట, పాప జాగ్రత్త అని. నా ఒక్కదాని వల్ల అయ్యేదా అది? జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది మీరు. దాని పెళ్ళినాడు నాకంటే ఎక్కువ ఏడ్చింది మీరు. ఇవన్నీ ఆయనకెవరు చెబుతారు? మీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఇదిగో, నీ కూతుర్ని పెంచింది ఈయనే అని చూపించాలి నేను. మీరు లేకుండా ఆయన ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

మేస్త్రి వదిలేసిన కంచం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"ముందు పోయేది నేనే కదే," అన్నాడు.

"అయితే మీరే వెతుక్కోండి ఆయన్ని. నేనొచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండండి."

"నేనేం మాట్లాడను ఆయనతో?"

"పాప సంగతులు చెప్పండి. నేను ఎంత ఆలస్యంగా వచ్చినా ఇంకా మిగిలే ఉంటాయి." కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ అంది. "ఆ కింది సగంలో మన ఇద్దరి పేర్లూ పట్టవా?"

"పట్టకేం. అక్షరం కాస్త సన్నం చెయ్యాలి."

"చెయ్యండి మరి. ఒక్క గదిలో ముగ్గురం సర్దుకుని బతికాం. ఓ రాయి మీద సర్దుకోలేమా?"

ముగ్గురినీ ఒకే సమాధిలో పెట్టడానికి పాస్టరుగారు సరేనన్నారు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి కొలబద్దా, పెన్సిలూ పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళాడు. చెక్కడం శిష్యుడు చేస్తాడు, గీతలు మాత్రం తన చేత్తోనే పడాలి. రెండు పేర్లకూ కొలిచి గీశాడు. దగ్గొచ్చింది. అక్కడే చతికిలబడ్డాడు.

ఆ మట్టి కింద వినేవాళ్ళెవరూ లేరనీ, పోయినవాడు ప్రభువు దగ్గర ఉన్నాడనీ ఆయనకు బాగా తెలుసు. అయినా చుట్టూ ఓసారి చూసి, రాయికి దగ్గరగా జరిగాడు.

"అన్నా," అన్నాడు, "మొదటిరోజు బడికి పోనని మన పిల్ల ఎంత గోల చేసిందనుకున్నావు..."