స్టీరింగ్ నా చేతిలో లేదు

ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను, తనంతట తాను నడిచే బస్సులో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. చదువుకున్న బండికి చదువు మానేసిన డ్రైవరు! కదలకుండా కూర్చోవడమే నా డ్యూటీ. బళ్ళో అది చేతకాకే కదా బయటికొచ్చింది. ఇంతవరకు చెప్పి అందరినీ నవ్విస్తుంటాను. ఆ తరువాతది మాత్రం ఇన్నేళ్ళూ గొంతుదాకా వచ్చి దిగిపోయేది. మీకు చెబుతాను. మీరు నన్నెరుగరు, అదొక ధైర్యం.

ఖతర్‌లో ప్రపంచకప్పు కోసం స్టేడియంలు లేస్తున్న రోజులు. అల్ రయ్యాన్ వైపు ఒక కొత్త రోడ్డు మీద ఆ చిన్న బస్సును పరీక్షిస్తున్నారు. ఎదురుగా మనిషి నిలబడితే అదే ఆగేది. రోడ్డు పక్కన మొక్కలు నాటే మనవాళ్ళకు అదొక ఆట. అడ్డంగా నిలబడి ఆపేవారు, నేను లోపలినుంచి సలాం కొట్టేవాణ్ణి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఓదెలన్న ఒక్కడే ఆ ఆట ఆడేవాడు కాదు. ఆ రోజు అతను రోడ్డంచున వంగి నీళ్ళ పైపు సరిచేస్తున్నాడు. వంగిన మనిషి బస్సుకు మనిషిలా కనపడలేదు. బండి ఆగకపోతే తొక్కడానికి బ్రేకు నా కాలికిందే ఉంది. ఆగుతుందిలే అనుకున్నాను. రోజూ ఆగేది కదా?

అతని మోకాలు నలిగిపోయింది.

అంబులెన్సు వెళ్ళాక మా సూపర్‌వైజరు, హైదరాబాదు సలీం భాయ్, నన్ను పక్కకు పిలిచాడు.

“స్టీరింగ్ నీ చేతులనే ఉండె అని చెప్పు మియా. మనిషి నడిపితే మనిషి తప్పు. బండి మీద పడదు.”

“నా మీద పడతది గద భాయ్?”

“నీ పేరు పేపర్ల వస్తదా ఏంది, పెద్ద హీరోవి! బండి పేరు వస్తది. ఇది బందయితే మనందరం క్యాంప్‌ల కూసొని ఈగలు కొట్టుకోవాలె.”

అడిగిన ప్రతివాడికీ అలాగే చెప్పాను. బండి తనంతట తాను నడిచినప్పుడు ఒక్క ప్రమాదమూ జరగలేదని కంపెనీ లోకానికి చాటింది. వాళ్ళ లెక్కలో అది నిజమే. అబద్ధమంతా నాది.

త్యాగం చేశానని కూడా అనుకున్నాను. నింద నేను మోశాను కదా, ఎవరికేం నష్టం? తప్పు లేని బండిని ఎవరు బాగుచేస్తారు, అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా తట్టింది. ఆ తరువాత నా బండిలో బ్రేకు మీంచి కాలు తీసేవాణ్ణి కాదు. కానీ అలాంటివి ఇంకా తెచ్చారు. జనం ఎక్కి ఫొటోలు దిగారు. ఆ బళ్ళలో నేను లేను. దారి పక్కన వంగిన వాళ్ళను చూసి “లేవండన్నా!” అని లోపలినుంచి అరిచేవాణ్ణి. అద్దాలు మూసి ఉండేవి. వాళ్ళు నవ్వి చేతులూపేవారు. ఎవరికి చెప్పను? ఏమని చెప్పను?

ఓదెలన్న కుంటుతూ ఇంటికి వెళ్ళిపోయాడు. మొన్న ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. క్షమించమని అడగలేదు. చెప్పాక కాస్త ఊపిరాడింది. అంతా విని అతను అన్నాడు:

“నువ్వు గుద్దినవనుకొని, మనోడే గదా అని ఎప్పుడో మాఫ్ చేసిన తమ్మీ. ఇప్పుడు గుద్దింది నువ్వు గాదంటివి. మరి ఆ బండిని ఏడికి పోయి అడగాలె?”