నొప్పి ఎవరిదైతే మాట వాళ్లది

ఉప్పల్ డిపో వెనక సందులో నొప్పుల క్లినిక్ నడిపిన డాక్టరమ్మ మొన్న పొద్దున పోయింది. మా నాచారం భజన మండలి వాట్సాప్‌లో పెట్టిన్రు: "ప్రశాంతంగా పరమపదించారు." కింద దండం పెట్టే చేతులు వరుసగా.

ప్రశాంతంగానా? అది రాసినోళ్లు ఒక్కరన్నా ఆ మంచం దగ్గరికి పోయిన్రా? నేను పోయిన. నా భార్య గూడ నాతోటి వచ్చింది. ఆ ప్రశాంతం ఎట్ల వచ్చిందో చెప్త, వినుండ్రి.

నా భార్యకు ఎడమ పక్కటెముకల మీద అక్కి లేచింది. మా అమ్మ తనకు తెలిసిన పద్ధతిలో అక్కి రాసే ఆయనను పిలిపించి, జాజుతోటి సింహం బొమ్మ గీయించింది. పొక్కులు ఎండిపోయినయి. కొబ్బరికాయ కొట్టి, మొక్కు తీర్చి, అక్కి పోయిందని వాడంతా చెప్పింది. నొప్పి మాత్రం పోలే. చీర కొంగు తగిలినా నా భార్య నిప్పు పడ్డట్టు ఎగిరిపడేది. నైటీ మీదనే నెలలు గడిపింది. స్కానింగులల్ల ఏం కనిపించలే. "అక్కి పోయినంక నొప్పేంది? పని తప్పించుకునే వేషాలు" అన్నది మా అమ్మ. "ప్రారబ్ధం, అనుభవించాలె" అన్నడు మండలి పెద్దమనిషి. ఆయనకు పన్ను సలిపితే మాత్రం ప్రారబ్ధం యాదికి రాదు, ఆటో ఎక్కి దవాఖానాకు ఉరుకుతడు.

ఆఖరికి డాక్టరమ్మ దగ్గరికి పోయినం. ఆమె కోస్తా మనిషి. నా భార్యను అడిగిన ప్రతి మాటకు మా అమ్మనే జవాబు చెప్పుడు మొదలువెట్టింది. డాక్టరమ్మ లేచి, గోడ పక్కన ఒక స్టూలు వేసింది.

"అమ్మా, మీరిక్కడ కూర్చోండి. కాసేపు నోటికి సెలవు. నొప్పి ఎవరిదైతే మాట వాళ్లది."

గుళ్లో పురాణం చెప్పేటోణ్ణి కదా, నేను నోరు తెరవబోయిన. "స్వామీ, మీకు మైకుంది కదా, సాయంత్రం గుళ్లో చెప్పుకోండి" అన్నది. నా భార్య శానా రోజులకు నవ్వింది.

డాక్టరమ్మ దూది పింజ తీసుకుని ఎముకల మీద ఊరికే అట్ల తాకిచ్చింది. నా భార్య కెవ్వుమన్నది. మా అమ్మ స్టూలు మీదనే బిగుసుకుపోయింది.

"సింహాన్ని బాగా గీయించారమ్మా, తప్పేం లేదు. కానీ పొక్కులు ఎండిపోతాయి, నరం మర్చిపోదు" అని మా అమ్మకు చెప్పి, నా భార్య దిక్కు తిరిగింది. "మొత్తం తీసేస్తానని అబద్ధం చెప్పను. చీర కట్టుకునేలా చేస్తాను."

చేసింది. నరాల గోలీలు, పట్టీలు, వెన్ను పక్కన సూది. ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి. ఎన్నిసార్లు పోయినా మొదటిసారి లెక్కనే అడిగి వినేది. ఆ ఉగాదికి నా భార్య చీర కట్టుకుని పచ్చడి చేసింది.

అసొంటి మనిషికి కడుపులో క్యాన్సర్ వచ్చింది. ఊర్లోని పెద్ద దవాఖానాలో పడుకోబెట్టిన్రు. మేం పోయేసరికి మంచం కడ్డీని పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లగ పాలిపోయినయి. చిన్న డాక్టరు వచ్చి, ఫైలు చూసుకుంట ఆమె తమ్ముడిని అడిగిండు, "నొప్పెలా ఉంది?"

"పర్లేదండి, మా అక్క గట్టి మనిషి. ఓర్చుకుంటుంది. మార్ఫిన్ అయితే వద్దు, అలవాటైపోతుందట."

నా ఒళ్లు మండిపోయింది. నాకంటే ముందు నా భార్యనే లేచింది. పక్కనున్న స్టూలు జరిపింది.

"అన్నా, నువ్వు జర ఈడ కూసో. నోటికి సెలవియ్యి. డాక్టర్ సాబ్, నొప్పి గాయనకు కాదు. అమ్మను అడుగుండ్రి."

డాక్టరమ్మ కండ్లు తెరిచింది. "ఓర్చుకోలేకపోతున్నాను బాబూ. మార్ఫిన్ ఇవ్వండి. పోయేదాన్ని, అలవాటైతే ఎవరికి నష్టం?"

ఆ పిల్లగాడు ఫైలు మూసి పెద్ద డాక్టరు కోసం ఉరికిండు. అన్ని రోజులు ఆమెను ఆ మాట అడిగినోడు లేడు! జీవితమంతా ఊరి నొప్పులు విన్న మనిషిని!

మండలి అయ్యలారా, ప్రారబ్ధం మీద నన్ను ఉపన్యాసం చెప్పమంటున్నరు. అది నేను చెప్ప, ఇది చెప్త. అంపశయ్య మీది తాత తలకు దిండు కావాలన్నప్పుడు రాజులంతా తమకు తోచిన పట్టుదిండ్లు మోసుకొచ్చిన్రు. ఒక్కడే ఆ తాతను అడిగి, ఆయనకు కావల్సిన బాణాల దిండు పెట్టిండు. ఎవ్వరూ "ఓర్చుకో తాతా" అనలే. శాస్త్రం చదివిన నోళ్లు మీవి, ఇది మీ కండ్లకు ఎందుకు పడలే?

సాయంత్రానికి మందు ఎక్కింది. కడ్డీ మీది వేళ్లు ఒక్కొక్కటే వదులైనయి. నా భార్య దగ్గరికి జరిగి కూసుంది. డాక్టరమ్మ నిద్రలోనే ఆమె కొంగు పట్టుకున్నది. ఆ చెయ్యి జారి నా భార్య ఎడమ పక్కటెముకల మీద, అక్కి లేచిన జాగ మీదనే ఆనింది. నా భార్య కదలలే. చెయ్యి అట్లనే ఉండనిచ్చింది.