నల్ల కారు, మాస్టర్ కుడిచెయ్యి

మా మాస్టర్ పోయారన్న కబురు నాకు చెప్పింది పక్కింట్లో ఉండే టెంపో ఆయన. రెండేళ్లుగా నాతో మాట్లాడని మనిషి. సూరత్ శివార్లలో, ఇచ్ఛాపూర్‌లో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు రాస్తుంటే ఫోన్ మోగింది. "మాస్టర్జీ గయే. చా పీతే పీతే. ఆ జా," అని పెట్టేశాడు. టీ తాగుతూ తాగుతూ పోయారట. చేతిలో ఉన్న రిజిస్టరును గేటుకేసి కొట్టాను. వాచ్‌మన్ బెదిరి లేచి నిలబడ్డాడు. నాకు దుఃఖమైనా, కోపమైనా ముందు చేతుల్లోకే వస్తుంది. ఈ చేతుల గురించి చెప్పకుండా మాస్టర్ గురించి రాయలేను, అందుకే ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

మాస్టర్ అంటే బడి పంతులు కాదు. గోడాదరాలో పవర్‌లూమ్ ఖార్ఖానాలో సాంచాలన్నిటికీ, అంటే మరమగ్గాలన్నిటికీ, పెద్ద. నేను పద్దెనిమిదో ఏట ఆయన కింద పనికి చేరాను. మా వాళ్లలాగే ఆయనా కరీంనగర్ వైపు నుంచి బట్ట నేసుకుంటూ సూరత్ చేరిన మనిషి. పక్క మనిషి మాట వినపడని ఆ చప్పుడులో ఆయన తిట్టు మాత్రం ఆ చివరిదాకా వినపడేది. ఏడు తరాలనూ కడిగి ఆరేసేవారు. అంత తిట్టినా ఎవరి మీదా చెయ్యి ఎత్తగా నేను చూడలేదు. నేసిన బట్టను బల్ల మీద పరిచి, పక్కనుంచి దీపం పెట్టి, తల వంచి చూసేవారు. ఎదురుగా చూస్తే కనపడని తప్పు వాలు వెలుగులో కనపడుతుందనేవారు. తెగిన పోగు ఎవరి చేతిదో, ఏ పూట తెగిందో కూడా చెప్పేసేవారు. మేం చచ్చినట్టు ఒప్పుకునేవాళ్లం.

తర్వాత నాకు ఇచ్ఛాపూర్‌లో ఉద్యోగం దొరికింది, మాస్టర్ పని మానేశారు. మేం ఉండేది మాత్రం ఒకే బిల్డింగ్‌లో, ఆయన మూడో అంతస్తు, నేను రెండు. మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కారు కొన్నాను. నలుపు. రంగు నేను ఎంచుకున్నది కాదు, దొరికింది. మా వంశంలో నాలుగు చక్రాల మీద సొంతంగా కూర్చున్న మొదటివాణ్ణి నేనే, కాబట్టి నలుపైనా నాకు బంగారమే.

బిల్డింగ్ పక్కన గోడ లేని ఖాళీ ప్లాటు ఉంది, బండి అక్కడే పెట్టాలి. నల్ల బండిని ఆరుబయట పెట్టిన వాడికి లోకమంతా శత్రువే. ఖార్ఖానాల నుంచి లేచే నూలు దుమ్ము రాత్రికి రాత్రే తెల్లగా కప్పేస్తుంది. రంగుల మిల్లుల పొగ గొట్టాల మసి దాని మీద కూర్చుంటుంది. ఎదురింటి డాబా మీద పుణ్యం కోసం పావురాలకు జొన్నలు చల్లుతారు, ఆ పుణ్యమంతా నా బానెట్ మీద రెట్టలుగా పడుతుంది. బోరునీళ్లతో కడిగితే ఉప్పు మచ్చలు. సంక్రాంతి నాడు మాంజా దారం అద్దానికి అడ్డంగా పడి గీసుకుంటూ పోతుంది. ఒకరోజు పావురాల మీద చెప్పు విసిరాను. అది పోయి ఎదురింటి ముసలాయన టీ గ్లాసు పగలగొట్టింది. మా ఆవిడ వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చింది. కోపం నా ముక్కు మీద ఉంటుందని ఆమె అందరికీ చెప్పుకుంటుంది, తప్పేం లేదు.

ఖార్ఖానా మనుషులకు తుడుపు గుడ్డకు కరువుండదు. సాంచాల దగ్గర మిగిలిన పాలిస్టర్ ముక్కలు, చింది అంటారు, గోనెసంచుల్లో పడి ఉంటాయి. పాత స్నేహితులు నాకో సంచి ఇచ్చారు. రోజూ తెల్లారగానే దిగి, ఆ చింది తీసుకుని, దుమ్ము పోయేదాకా పొడిపొడిగా, గట్టిగా, భుజం నొప్పెట్టేలా రుద్దేవాణ్ణి. నా అంత శ్రద్ధగా బండి చూసుకునేవాడు గోడాదరాలో లేడనుకునేవాణ్ణి.

అది ఆదివారం పొద్దున. ఎండ అప్పుడే ఎదురింటి గోడ మీంచి ఏటవాలుగా దిగుతోంది. బండి తలుపు మీద, బానెట్ మీద, డిక్కీ మీద గీతలు. ఒకటి కాదు, వందలు. నా ఒంట్లో రక్తం తలకెక్కింది. నా బండి పక్కనే బట్ట థాన్లు మోసే టెంపో ఆగి ఉంది. దాని తాళ్లకు ఇనుప కొక్కేలు ఉంటాయి. ఇంకేం కావాలి? డిక్కీ తెరిచి చక్రం విప్పే పానా తీశాను. టెంపో ఆయన తాళ్లు చుట్టుకుంటున్నాడు. వెళ్లి కాలరు పట్టుకున్నాను.

"మైనే కుఛ్ నహీ కియా, భాయ్! మేరా టెంపో తో రాత్ భర్ మార్కెట్ మే థా!" అన్నాడు. రాత్రంతా బండి మార్కెట్‌లోనే ఉందంటే అబద్ధమనుకున్నాను. నన్ను నెట్టాడు. నేను వెల్లకిలా పడబోయి నిలదొక్కుకున్నాను. ఆ తర్వాత నా చెవులకేమీ వినపడలేదు. పానా ఎత్తాను. తలకే ఎత్తాను. ఇది దాచుకుని లాభం లేదు, నేను ఆ మనిషి తల పగలగొట్టడానికే ఎత్తాను.

"ఏందిరా గా లొల్లి? కింద పెట్టు! పెట్టంటున్ననా!"

పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని మాస్టర్ ఎప్పుడు వచ్చారో తెలియదు. మా ఇద్దరి మధ్యకు దూరి కుడిచెయ్యి అడ్డం పెట్టారు. పానా ఆ చేతి మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. పాల ప్యాకెట్ పగిలి మా ముగ్గురి కాళ్ల మీద పాలు చిందాయి. ఆయన అరవలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నా బండికి ఆనుకున్నారు. మణికట్టుకూ మోచేతికీ నడుమ చెయ్యి ఉండకూడని చోట వంగి ఉంది.

"జారి పడ్డ," అన్నారు, పళ్ల బిగువున. "ఇన్నరా ఇద్దరు? నేను జారి పడ్డ. మై గిర్ గయా. సమ్ఝే?"

టెంపో ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. తల ఊపాడు. ప్లాటులో మేం ముగ్గురం తప్ప ఇంకెవరూ లేరు.

నా బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా ఏడుస్తూనే నడిపాను. "ఏడ్వకురా. రోడ్డు జూడు," అన్నారు. కాసేపటికి మళ్లీ అన్నారు: "నా చేత ఒకని చెవి పోయింది. నువ్వు రాకముందు. నాడె ఇసిరి కొట్టిన వాన్ని. పోగు తప్పు వానిది గాదు, నా సాంచదే. గాడు ఇప్పటికి నన్ను జూస్తె తల దించుకుంటడు. దించుకోవాల్సింది నేను." నాడె అంటే సాంచలో పోగును అటూ ఇటూ మోసేది, రెండు మొనలకూ ఇనుము ఉంటుంది. మా మాస్టర్ ఎవరి మీదా చెయ్యెందుకు ఎత్తరో నాకు ఆ రోజు తెలిసింది. ఠాణాకు పోయి నిజం చెప్పేస్తానన్నాను. "నీకు పెండ్లాం, బిడ్డ. పోయి లోపట కూసుంటవా? మాట మింగు," అన్నారు.

నాలుగు రోజులకు చేతికి పిండికట్టుతో కిందికి దిగారు. అదే వేళ, అదే ఎండ. నన్ను బండి పక్కన తల వంచి చూడమన్నారు, బట్ట చూసినట్టే.

"ఏం కనబడుతుంది?"

"గీతలు, మాస్టర్."

"ఎట్లున్నయ్?"

నేను ఇంకాస్త వంగాను.

"గుండ్రంగున్నయ్. కొక్కెంతోని గీస్తె గీత సక్కగ పోతది. గివి సుట్లు దిరిగినయ్, నీ చెయ్యి దిరిగినట్టు. దేనితోని తుడుస్తున్నవ్?"

సంచి చూపించాను. ఆయన ఒక ముక్క తీసి చూసి నా ముఖాన కొట్టారు. "పాలిస్టర్ ఎప్పుడన్న నీళ్లు తాగుతదారా? దుమ్మును తాగుతదా? నువ్వు నేత బిడ్డవేనా? గట్టి పోగు, మీదికెళ్లి పొడి దుమ్ము. ఆకురాయి బట్టి రాకినట్టు రాకినవ్ గదరా నీ బండిని!"

ఆ గీతలన్నీ నావే. ఒక్కటి కూడా ఎవరూ గీసింది కాదు. అక్కడే దుమ్ములో కూలబడ్డాను. ఆ సాయంత్రం టెంపో ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు తెరిచి, నన్ను చూసి, నా ముఖం మీదే మూసేశాడు. మూయడం న్యాయం.

తర్వాత రెండేళ్లు మాస్టర్ నాకు బండి కడగడం నేర్పారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో చూపిస్తూ, తిడుతూ. నీళ్లు ముందు, చెయ్యి ఎనక. పైనుంచి కిందికి, చక్రాలు ఆఖరుకు. ఒక బకెట్‌లో సబ్బు, ఒక బకెట్‌లో మంచినీళ్లు, గుడ్డ ముందు మంచినీళ్లలో జాడించాకే సబ్బులో ముంచాలి. బట్టల పౌడరు వేస్తే మెరుపు చస్తుంది. వేడి బానెట్ మీద నీళ్లు పోస్తే మచ్చ. పావురం రెట్ట గోకొద్దు, తడి గుడ్డ కప్పి టీ తాగి రా, అదే లేస్తది. దుమ్ము మీద కవరు కప్పితే గాలికి కవరే రాకుతది. తుడవడానికి తన పాత నూలు పంచెలు చింపి ఇచ్చారు. "నల్లబండి ఏదీ దాయదురా. ఎవడు తుడిస్తే వాని చెయ్యి కనబడతది," అనేవారు. నా కోపం పోయిందని చెప్పను. కానీ రోజూ పొద్దున అరగంట నా చేతులకు మెత్తగా ఉండే పని దొరికింది.

ఎముక వంకరగానే అతుక్కుంది. ఆయన అరచెయ్యి పైకి తిరిగేది కాదు. ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. మాస్టర్ భార్యను నేను పెద్దమ్మ అంటాను. ఆమె కలిపి పెట్టేది, నేను ఆ వేళకు వెళితే నాకూ పెట్టేది. ఆమె నమ్మింది ఒకటే: ఆ ఆదివారం పొద్దున తాను బట్టలుతికిన సబ్బునీళ్లు దుమ్ము అణగడానికి ప్లాటులో పోసిందని, ఆయన వాటి మీదే జారారని. ఆ రోజు నుంచి ఒక్క చెంబు నీళ్లు కూడా అక్కడ పొయ్యలేదు. మోకాళ్ల నొప్పులతో మూడు అంతస్తులు బకెట్ దింపి, వెనక మోరీ దాకా మోసేది.

ఒకసారి వాళ్లిద్దరినీ డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను. టమాటా భజియా తుంచి ఆయన నోట్లో పెడుతూ ఆమె అంది: "నా సబ్బునీళ్లే గద, ఈ చెయ్యి తీసినయ్."

"నీ నీళ్లు గాదే. ఎన్నిమాట్ల జెప్పాలె?"

"నువ్వట్లనే అంటవ్ తియ్యి," అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. మాస్టర్ నా వైపు చూడనేలేదు. నేను భజియా నములుతూ కూర్చున్నాను. అప్పుడే చెప్పాల్సింది. మాట మింగమన్నారు కదా అని ఆయన మీదికి నెట్టేశాను. నిజానికి నాకే ధైర్యం చాలలేదు. తిరిగి వచ్చాక సముద్రపు ఉప్పు తినేస్తుందని బండి అడుగు కూడా కడిగించారు. పొట్ట మీద పాకుతూ కడిగాను, పైనుంచి తిట్లు పడుతూనే ఉన్నాయి. ఆ తిట్లు ఇప్పుడు ఎవరు తిడతారు?

ఫోన్ వచ్చిన గంటన్నరకు ఇల్లు చేరాను. స్నానం చేయించి, కొత్త బట్ట కప్పి ముందు గదిలో పడుకోబెట్టారు. ఆడవాళ్లందరూ పెద్దమ్మ చుట్టూ ఉన్నారు. ఆమె ఏడుస్తూ ప్రతి మనిషికీ అదే చెబుతోంది: "చేజేతుల ఆయన చెయ్యి ఇరగ్గొట్టిన. రెండేండ్లు చిన్నపిల్లగాని లెక్క తినవెట్టిచ్చుకున్నడు, ఒక్కమాట అనలే."

గుమ్మంలో టెంపో ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు.

"పెద్దమ్మా, నీ నీళ్లు గాదు," అన్నాను. "నేను కొట్టిన. పానతోని. ఈయనను కొట్టబోతె మాస్టర్ అడ్డం వచ్చిండు."

గదిలో ఏడుపు ఆగిపోయింది. ఆమె లేచింది. మొదటి దెబ్బ నా చెంప మీద పడింది. తర్వాత రెండు పిడికిళ్లతో ఛాతీ మీద, మెడ మీద, భుజాల మీద. ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే నా మీద పగిలాయి. "రెండేండ్లు నా చేతి బువ్వ దిన్నవ్ గదరా! నా ఎదురుంగ కూసోని దిన్నవ్ గదరా!"

"గాజులు గిప్పుడే వద్దు, వదినా, దానికో దినముంది," అని ముసలివాళ్లు ఆమె చేతులు పట్టుకోబోయారు. ఆమె విదిలించుకుంది. చివరి గాజు దాకా కొట్టింది. ఆమె మణికట్టు నుంచి నెత్తురు కారుతోంది. నేను కదల్లేదు.

అలిసిపోయి మాస్టర్ పక్కన కూర్చుంది. ఆయన కాళ్ల దగ్గర నేనూ కూర్చున్నాను. బట్ట కింది నుంచి ఆయన కుడిచెయ్యి తీసి, ఎముక వంకరపోయిన చోటును వేళ్లతో తడుముతూ చాలాసేపు ఉండిపోయింది, ఆ చోటును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. బయట మగవాళ్లు పాడె కట్టడం అయిందన్నారు. ఆమె నా వైపు చూడకుండానే అంది.

"లే. ముంగటి దిక్కు పట్టు."

లేచి ముందు వైపు వెదురు భుజానికెత్తుకున్నాను. అవతలి వెదురు కింద టెంపో ఆయన భుజం పెట్టాడు. నా చొక్కా లోపల ఎక్కడో ఒక గాజుముక్క ఇరుక్కుని ఉంది. వెదురు బరువుకు అడుగడుక్కూ లోపలికి దిగుతోంది. దారిలో మనుషులు మారుతున్నారు, నన్నూ తప్పుకోమని రెండుసార్లు అడిగారు. తాపీ నది ఒడ్డు దాకా నేను భుజం మార్చుకోలేదు.