సముద్రం అడుగున కొబ్బరికాయ

నేను గీసేవన్నీ నీళ్ళ కింది బొమ్మలే. సముద్రం అడుగున మనుషులు మామూలుగా బతుకుతుంటారు. అమ్మ చెనిక్కాయలు చెరుగుతుంటే చేటలోంచి సముద్రపు గుర్రాలు లేచి పోతుంటాయి. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళ కొంగుల్లో పీతలు నిద్రపోతుంటాయి. తెలిసినవాళ్ళు దీన్ని అధివాస్తవికత అంటారు. మా అమ్మ పనిలేని పని అంటుంది. సముద్రాన్ని నేను ఇరవై ఏళ్ళు దాటాక గానీ చూడలేదు. మాది ఐరాల పక్క పల్లె. అక్కడ నీళ్ళంటే బోరు, లోతంటే అడుగులు.

మా నాయన నీళ్ళు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పండబెట్టుకుని చేనంతా నడిచేవాడు. కింద నీళ్ళున్న చోట కాయ దానంతట అదే నిక్కి నిలబడుతుందని నమ్మకం. అక్కడ సున్నం చల్లితే బోరు బండి వచ్చేది. నేను నమ్మానా అంటే, చిన్నప్పుడు నమ్మాను, చదువుకున్నాక నమ్మలేదు, ఆయన ముందు మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆరేడేళ్ళ కిందట నాయన పక్క చేని రైతుకు బోరు పాయింటు పెట్టాడు. ఆ రైతూ నాయనా చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. బోరు బండి రోజంతా మోగింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాటిన మామిడి మొక్కలు ఎండిపోయాయి. ఆ రైతు ఊరొదిలి తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పనికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నాయనను ఒక్క మాట కూడా అనలేదు. నాయన ఆ తర్వాత కాయ ముట్టలేదు. ఎవరైనా పిలవడానికి వస్తే "చెయ్యి పోయిందప్పా" అని పంపేసేవాడు. ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

పోయిన ఏడాది తిరుపతిలో నా బొమ్మల ప్రదర్శన పెట్టాం. అందులో అన్నిటికన్నా పెద్ద బొమ్మ నాయనదే. సముద్రం అడుగున పంచె ఎగ్గట్టి, అరచేతిలో కాయతో నడుస్తుంటాడు. తలపైన సొరచేపలు గుంపుగా, వెనక ఒక ముసలి తాబేలు. ఆయన్ని అడగకుండానే గీశాను. ఎగతాళి చేశాననుకుంటాడేమోనని బెరుకుగానే ఉన్నా, పిలవకుండా ఉండలేకపోయాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెళ్ళికొచ్చినవాళ్ళను పలకరించినట్టు ఒక్కో బొమ్మనూ చూసుకుంటూ దాటి, తన బొమ్మ దగ్గర ఆగిపోయాడు. పక్కనున్న లెక్చరరు ఒకాయన "అద్భుతమైన ఏకాంతం" అన్నాడు. నాయన ఆయన వైపు చూడను కూడా లేదు.

"పాపా, కాయ పండుకోనుండాది" అన్నాడు.

నిజమే. చుట్టూ అన్ని నీళ్ళు పోసి, కాయను మాత్రం పండబెట్టాను. నిలువుగా గీస్తే దాని వెనక ఆయన మొహం సగం దాగిపోతోంది. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు.

"నిలబెట్టేదా నాయనా? ఒక పూట పని" అన్నాను.

"వద్దు." బొమ్మలోని కాయనే చూస్తూ, "ఆ పొద్దు నువ్వు సూసినావా?" అన్నాడు.

ఏ పొద్దో నాకు అర్థం కాలేదు. ఆయనే గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆయప్ప సేన్లో కాయ లేయలే. పొద్దున్నించీ తిరిగినా. యాడా లేయలే. ఆయప్ప ఎనకాల్నే వస్తా నా మొగమే సూస్తా ఉండినాడు. నీళ్ళు లేవని సెప్పేదానికి నోరు రాలే. బొటనేలితో లేపినా."

ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కోపం రావాల్సిన చోట నాకు జాలి వేసింది. ఇన్నేళ్ళూ చెయ్యి పోయిందని అందరి దగ్గరా చెప్పుకున్నాడు గానీ, ఈ మాట మాత్రం ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు.

"ఈ బొమ్మ ఆయప్పకి పంపీ పాపా. సూస్తే తెలస్తాది."

"తెలీదు నాయనా. నేను గీసినదాన్ని, నాకే తెలీలేదు. నువ్వే పోయి చెప్పల్ల."

ఆయన గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి తాగి, మూత బిగించి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. జనం పలచబడ్డారు.

"తడ బస్సు యాడ నిలబడతాది?" అన్నాడు.