రీలు తిప్పిన చప్పుడు

ఫోటో తీసిన మరుక్షణం నా కుడిచేతి బొటనవేలు దానంతటదే కెమెరా పైభాగాన్ని తడుముకుంది. అక్కడ చల్లటి లోహం, అంకెలు చెక్కిన గుండ్రటి డయల్ తప్ప ఇంకేమీ లేవు. వేలు ఇంకోసారి వెతుక్కుని, సిగ్గుపడి వెనక్కి వచ్చేసింది. చుట్టూ ఉన్న కుర్రాళ్లు గొల్లున నవ్వారు. "ఏం దేవులాడుతున్నరక్కా?" అన్నాడు అఖిల్. నాతో కలిసి పెళ్లిళ్లకు పనిచేస్తాడు, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. వాడికి ఏమని చెప్పను? పాతికేళ్ల కిందట పోయినదాన్ని వెతుకుతున్నానంటే ఇంకా నవ్వుతాడు.

పోయిన ఆదివారం సంగతి ఇది. ఉప్పల్‌లో ఒక మేడమీది హాల్లోకి ఫోటోగ్రాఫర్లందరినీ పిలిచి, కంపెనీవాళ్లు కొత్త మిర్రర్‌లెస్ కెమెరా చూపించారు. లోపలి సరుకంతా ఇప్పటిదే, పైవేషం మాత్రం మా కాలపు రీలు కెమెరాది. నల్ల తోలు, వెండి అంచు, మూడు డయల్స్. బల్ల మీద పెట్టారో లేదో, పెళ్లిలో లడ్డూల పళ్లెం చుట్టూ మూగినట్టు మూగారు. "అబ్బ, మస్తుందన్నా! షోకేసుల పెట్టుకోవచ్చు" అన్నాడొకడు. "షోకేసులనే పెట్టుకో. పట్టుకునేందుకు గ్రిప్పే లేదు, పెండ్లి అయిపోయేసరికి చెయ్యి పడిపోతది" అన్నాడు ఇంకొకడు. ఒక గడ్డం కుర్రాడైతే డయల్‌ను చెవి దగ్గర పెట్టుకుని టిక్కు టిక్కుమని తిప్పుతూ, "నాకు ఫోటోలు గూడ వద్దు, గీ సప్పుడు చాలు" అని కళ్లు మూసుకున్నాడు. అఖిల్ ఫోన్ పట్టుకుని అందరి చేతా "ఫస్ట్ రియాక్షన్" చెప్పించుకుంటున్నాడు. నా వంతు వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. వేషం వేస్తే పూర్తిగా వేయాలి కదా! తోలు పెట్టారు, డయల్స్ పెట్టారు, లివర్ ఎందుకు పెట్టలేదు?

ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. రీలు కెమెరాకు కుడివైపు పైన సన్నటి లోహపు పుల్ల ఉండేది. దాన్ని లివర్ అనేవాళ్లం. ఒక్కో ఫోటో తీశాక బొటనవేలితో దాన్ని లాగాలి. కర్ర్‌మని చప్పుడు చేస్తూ లోపల రీలు ఒక గడి ముందుకు జరిగేది. లాగకపోతే రెండో ఫోటో లేదు. ఆ చప్పుడు నాకు నేర్పినవాడు యాదగిరి కాక. ఆ మధ్యాహ్నం హాల్లో అందరూ కెమెరాను చూస్తుంటే నేను అందులో ఆయన్ని చూశాను.

కాక నాకు సొంత చిన్నాన్నేం కాదు. మా నాన్నా ఆయనా నాచారంలో ఒకే ఫ్యాక్టరీలో ఫిట్టర్లు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నాన్న ఇంకో ఫ్యాక్టరీ వెతుక్కున్నాడు, కాక మెయిన్ రోడ్డు మీద మడిగె, అంటే చిన్న కొట్టు, అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టాడు. పొట్టి మనిషి, దువ్వినా దువ్వనట్టే ఉండే జుట్టు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు దువ్వెనలు. ఒకటి ఆయనది, ఒకటి స్టూడియోకొచ్చే గిరాకీలది. ఫోటో దిగేవాళ్లను నవ్వమని ఒక్కసారీ అడగలేదు. "జర ఊపిరి ఇడువున్రి" అనేవాడు. బిగదీసుకుని కూర్చున్నవాళ్లు ఊపిరి వదలగానే ముఖం బిగువు సడలి మెత్తబడేది, ఆ క్షణంలో నొక్కేవాడు. నాచారంలో ఆ రోజుల్లో తీసిన పాస్‌పోర్టు ఫోటోలన్నిటిలో మనుషులు ఇప్పుడే ఇంటికి వచ్చి కూర్చున్నట్టు ఉంటారు.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నన్ను నాన్న ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆడవాళ్ల ఫంక్షన్లకు ఆడమనిషి ఫోటోగ్రాఫరుంటే బాగుంటుందని కాకకూ అనిపిస్తోందట. నేనేమో మొదటి రోజే పెళ్లికూతుర్ని తీస్తాననుకుని మంచి డ్రెస్ వేసుకుని వెళ్లాను. నెల రోజులు ఖాళీ కెమెరా చేతిలో పెట్టి లివర్ లాగిస్తూనే కూర్చోబెట్టాడు. "కండ్లకు తర్వాత నేర్పుత. ముందుగాల బొటనేలికి నేర్పు" అన్నాడు. తను లోపలి గదిలో ఫోటోలు కత్తిరించుకుంటూనే, "ఇప్పుడు సగమే గుంజినవ్" అని అరిచేవాడు. ఆ మనిషికి చెవుల్లో కళ్లున్నాయేమోనని నాకు భయం వేసేది. రాత్రి ఇంట్లో అన్నం తింటున్నా బొటనవేలు కదిలేది, మా అమ్మ దిష్టి తీసింది కూడా.

ఇక అసలు సంగతి. చిల్కానగర్‌లో కవిత అనే అమ్మాయి పెళ్లి. మధ్యాహ్నానికి తలంబ్రాలైపోయాయి. స్టేజీ మీద చుట్టాల వరస ఎంతకీ తరగదు. ఆ రోజు తెచ్చుకున్న రీళ్లన్నీ అయిపోయి నా కెమెరాలో రెండంటే రెండు ఫోటోలు మిగిలాయి, అప్పగింతలు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు మా ఫోటోగ్రాఫర్లందరికీ ఒక ఉపాయం ఉండేది. ఫ్లాష్ వెనక చిన్న బొత్తాం నొక్కితే ఫోటో తీయకుండానే తళుక్కుమని వెలుగొస్తుంది. దాన్ని ఉత్త లైటు అనేవాళ్లం. స్టేజీ ఎక్కినవాళ్లు సంతోషంగా దిగిపోతారు, రీలు మిగులుతుంది. ఊళ్లో చేయని ఫోటోగ్రాఫర్ లేడు. కాక మాత్రం ఆ బొత్తాం మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, "దీని జోలికి పోకు" అన్నాడు.

సరిగ్గా అప్పుడు ముత్తమ్మ స్టేజీ ఎక్కింది. పెళ్లివారింట్లో ఏళ్ల తరబడి గిన్నెలు తోమే మనిషి, కవితను చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆ రోజూ వెనకాల గంగాళాలు తోముతూనే ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పెళ్లికూతురి పక్కన నిలబడి, "నన్నూ నా బిడ్డనూ ఒక్కటి గొట్టమ్మా" అంది. నేను ప్లాస్టర్ పీకాను. తళుక్కుమంది. ముత్తమ్మ ముఖమంతా నవ్వు చేసుకుని దిగిపోయింది. హాలు అవతలి మూల కాక వేరే కెమెరాతో పెద్దలను తీస్తున్నాడు. ఒక్కసారి తలెత్తి నా వైపు చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. ఆ గోలలో ఆయనకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

నాలుగో రోజు ముత్తమ్మ స్టూడియోకు వచ్చింది. చేతిలో పాత పేపరు చుట్టిన ఫ్రేము. ఫోటో రాకముందే ఫ్రేము కొనుక్కొచ్చింది! "గిందుల సరిపోయేటట్టు కడిగియ్యి బిడ్డా" అంది. "ఇంకా ల్యాబ్ నుంచి రాలేదు" అని ఒక అబద్ధం, "వచ్చే వారం చూద్దాం" అని ఇంకో అబద్ధం ఆడేశాను. పాపం, నమ్మి ఫ్రేము పట్టుకుని వెళ్లింది. వెనక్కి తిరిగితే లోపలి గది గుమ్మంలో కాక.

"స్టేజి మీద లైటొచ్చింది గని లివర్ సప్పుడు రాలే. చెవి పెట్టి ఇన్న" అన్నాడు.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తవేమోనని నాలుగొద్దులు సూసిన."

నాకు ఏడుపు వచ్చింది, దాంతో పాటు రోషమూ వచ్చింది. అప్పగింతలకు ఫోటోలు లేకపోతే పెళ్లివాళ్లు ఊరుకుంటారా అని ఎదురు తిరిగాను. కాక గొంతు పెంచలేదు. "నేనైనా ఆ రెండు అప్పగింతలకే దాస్తుంటి. గని లైటు కొట్టకపోదును. రీలు అయిపోయింది ముత్తమ్మా అంటే, ఆమె నాలుగు తిట్టి పోతుండె. తిట్టు పడుడు గూడ మన పనే బిడ్డా" అన్నాడు. కవిత భర్త సూరత్‌లో మిల్లు పని. పదహారు రోజుల పండుగకు పుట్టింటికి వచ్చి, మర్నాడే రైలెక్కుతారు. ఆ పిల్ల మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో ఎవరికీ తెలియదు. "పండుగ లోపల నువ్వే పోయి ముత్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాలె. చెప్పినంక వచ్చి కెమెరా ముట్టు" అని బీరువా తాళం వేసేశాడు.

ఒకటి రెండు రోజులు కాదు, పది రోజులు నేను కెమెరా ముట్టలేదు. ఫోటోలు కత్తిరించాను, కవర్లలో పెట్టాను, స్టూడియో ఊడ్చాను, చెప్పడానికి మాత్రం కాళ్లు రాలేదు. ఇక పండుగ రెండు రోజులుందనగా ముత్తమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. వెనక గోడకు, మేకుకు, ఆ ఫ్రేము అప్పుడే వేలాడుతోంది. అద్దం వెనక ఉత్త గోధుమరంగు అట్ట. దాన్ని చూశాక ఇక తడుముకోలేదు. అంతా గడగడా చెప్పేశాను.

ముత్తమ్మ చేట కింద పెట్టింది. "అంటే, బొమ్మ పడలేదా?"

"పడలేదు."

"లైటు గొట్టి మోసం జేస్తివా! సదువుకున్న పిల్లవు, గదేం బుద్ధే నీకు?" అని మొదలుపెట్టి వాడకట్టంతా వినబడేలా తిట్టింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. తిట్టి తిట్టి ఆగి, హఠాత్తుగా తొడ చరిచి నవ్వడం మొదలుపెట్టింది. "పోనీ తియ్యి, నన్ను బతికించినవ్! ఆనాడు నా అవతారం సూసినవా? కొంగంత మసి, నెత్తంత బూడిది. గా బొమ్మ గోడకెట్ల పెడదునే అని నాకు నిద్ర లేదు. గీపారి మంచిగ తయారై దిగుత. గని నేను కొట్టుమన్నప్పుడే కొట్టాలె!"

పండుగ రోజు కాక బీరువా తీసి, కొత్త రీలు ఎక్కించి కెమెరా నా చేతికిచ్చాడు. "ఇదంత ముత్తమ్మదే" అన్నాడు. ముత్తమ్మ చిలకపచ్చ చీర, చేతినిండా గాజులు, జడ కనపడనన్ని మల్లెపూలతో దిగింది. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, గాజులు కనపడేలా ఒకటి. నేను నొక్కుతున్నాను, లివర్ లాగుతున్నాను, కర్ర్‌మన్న ప్రతిసారీ వెనక కాక చిన్నగా "ఊఁ" అంటున్నాడు. చివరికి ముత్తమ్మ, "చిన్నప్పుడు గిట్లనే కూసుంటుండె" అంటూ పెళ్లిచీరలో ఉన్న కవితను లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కుర్చీ కిర్రుమంది, కవిత కెవ్వుమంది, కొత్త పెళ్లికొడుకు పడీపడీ నవ్వాడు. అదే ఆ ఫ్రేములోకి వెళ్లిన ఫోటో. నేను తీసినవాటిలో అంతకంటే మంచిది ఇప్పటికీ లేదు, మాట వరసకు చెప్పడం లేదు.

ముత్తమ్మకు మాత్రం తనివి తీరలేదు. ఇంకొకటి కొట్టమంది. లివర్ లాగబోతే సగంలో ఆగిపోయింది. నేను కెమెరా దించి గట్టిగానే అన్నాను: "రీలు అయిపోయింది ముత్తమ్మా." అవ్వయ్యో, ఏం తిట్లు తిట్టిందని! కాక గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు.

కాక పోయి మూడేళ్లు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. రెండు దువ్వెనల్లో ఒకటి నా కెమెరా సంచిలో ఉంది.

ఆదివారం హాల్లో ఇవన్నీ అఖిల్ ఫోన్‌కు చెప్పలేదు. ఇంతలో చాయ్ పంచుతున్న రాజమణి అనే ఆమె ట్రే పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, నేను చిన్నగున్నప్పుడు గిసొంటి కెమెరానే ఉంటుండె. గిండ్ల నన్నొక్కటి తియ్యరాదూ?" కెమెరా ఎత్తాను. కంపెనీ కుర్రాడు నా చెవిలో గొణిగాడు: "మేడమ్, డెమో పీసు, లోపల కార్డు లేదు, ఫోటో నిలవదు. ఊరికే నొక్కండి, స్క్రీన్ మీద కనబడుతుంది, ఆమె ఖుషీ అవుతుంది."

కెమెరా దించేశాను. నా సంచిలోని కెమెరా నుంచి కార్డు తీసి దీంట్లో వేశాను. ఆ కుర్రాడు ఏదో అనబోయాడు, నా ముఖం చూసి మానేశాడు. రాజమణికి దువ్వెన ఇచ్చాను. ఆమె దువ్వుకుని, బిగదీసుకుని నిలబడింది. "జర ఊపిరి ఇడువు" అన్నాను. వదిలింది. నొక్కాను. బొటనవేలు మళ్లీ వెళ్లి లేని లివర్‌ను లాగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, నవ్వినా నాకు వినబడలేదు.

"పడ్డదా మేడమ్?" అంది రాజమణి.

"పడ్డది" అన్నాను.