నేను రాసిన ఒక్క లైను

తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో ముప్పై కంప్యూటర్లున్నాయి. ఏదో ఒక దాన్నుంచి పొద్దస్తమానం ‘టంగ్’మని ఒక మోత వస్తూనే ఉంటుంది. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోయి, తెర మధ్యలో చిన్న పెట్టె తెరిచి, ఇదిగో ఇక్కడ తప్పుంది అని చెప్పే మోత అది. నిన్న మధ్యాహ్నం ఆ మోత రావడమూ, వెనక వరసలో ఒక అమ్మాయి ‘ఓకే’ నొక్కి ఆ పెట్టెను మూసేయడమూ ఒక్క క్షణంలో జరిగిపోయాయి. “అందులో ఏం రాసుందమ్మా?” అని అడిగాను. “చదవలేదు మేడమ్, నొక్కేశాను” అంది నవ్వుతూ. దానికంత కోపం తెచ్చుకోవలసిన పని లేదు. కానీ నేను ఎంత గట్టిగా అరిచానంటే, పక్క గదిలో మాస్టారు కూడా తొంగిచూశారు. సిగ్గేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ మోత వింటే నాకు మస్తాన్ గారు గుర్తొస్తారు. ఆయన గుర్తొచ్చిన రోజు ఇంక నాకు ఏ పనీ సాగదు.

మస్తాన్ గారు ఏలూరులో, పవర్‌పేటలో, ఒక మందుల షాపు మీద అద్దెగదిలో ప్రోగ్రాములు రాసేవారు. అంతకుముందు ఆయనా, వాళ్ల నాన్నగారూ టైపు మిషన్లు బాగుచేసేవారట. కంప్యూటర్లొచ్చి మిషన్లు మూలపడ్డాక, నలభయ్యో ఏట పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని విజువల్ బేసిక్ నేర్చుకున్నారు. రెండు వేల మూడులో, చదువు ముగించుకుని, పెదపాడు నుంచి బస్సెక్కి, నేను ఆయన దగ్గర పనికి చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ఒళ్లంతా పొగరు. టైపు మిషన్ల మేస్త్రీ నాకేం నేర్పుతాడులే అనుకుంటూనే మెట్లెక్కాను. ఆయన మొదటిరోజు నుంచీ నన్ను ‘సుజాతగారూ’ అనే పిలిచారు. నా వయసు వాళ్లని ఎవరూ ‘మీరు’ అనని రోజుల్లో ఆ మర్యాద నాకు వెటకారంలా వినిపించేది. కాదని తెలియడానికి నెలరోజులు పట్టింది.

ఆయన పని చేసే తీరే వేరు. ఎర్రర్ వస్తే కోడ్ తెరిచేవారు కాదు, ముందు మనిషిని అడిగేవారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక షాపుకి మేం సరుకు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చూపించే ప్రోగ్రాం రాసిచ్చాం. తేదీలు తారుమారవుతున్నాయని ఫోనొచ్చింది. నేను రెండ్రోజులు కోడంతా తిరగేసి తల పట్టుకున్నాను. ఆయన తీరిగ్గా ఫోనందుకుని, “ఏవండీ, రోజూ తప్పొస్తోందా, కొన్ని రోజులే వస్తోందా?” అని ఒక్క ప్రశ్న వేశారు. అవతలాయన పుస్తకం చూసి, “నెల మొదట్లో తప్పొస్తోందండీ. పదమూడో తారీఖు నుంచి బాగానే ఉంటోంది” అన్నాడు. మస్తాన్ గారు నా వైపు తిరిగి, “పన్నెండు దాటాక తేదీని నెలగా పొరబడే వీల్లేదు కదండీ” అన్నారు. వాళ్ల కంప్యూటర్ నెలను ముందూ, రోజును వెనకా చదువుతోంది. సెట్టింగు మార్చడానికి రెండు నిమిషాలు పట్టలేదు. రెండ్రోజులుగా నేను అడగాలని కూడా అనుకోని ప్రశ్న అది.

మా గదిలో ఒకే ఒక్క నిషేధం ఉండేది. విజువల్ బేసిక్‌లో ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అని ఒక లైనుంది. తప్పొచ్చినా ఆగకు, నోరు మూసుకుని తర్వాతి లైనుకి వెళ్లిపో అని ప్రోగ్రాంకి చెప్పడం అన్నమాట. అది పెడితే ఆ మోతా ఉండదు, ఆ పెట్టే రాదు. లోపలి తప్పు మాత్రం లోపలే ఉంటుంది. “ఈ లైను మనం రాయకూడదండీ,” అన్నారు ఒకరోజు. “కుయ్యోమంటున్నప్పుడే కదండీ వైద్యం చేయగలం. నోరు నొక్కేస్తే ఎక్కడ నొప్పో ఎలా తెలుస్తుంది?” నేను తలూపాను. ఆ రోజుల్లో నేను అన్నిటికీ తలూపేదాన్ని.

కలిదిండిలో చెరువుల నీళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబుండేది. చేపల రైతులు సీసాల్లో నీళ్లు తెస్తే, వాటిలో అమ్మోనియా ఎంతుంది, ఇంకా ఏమేం ఉన్నాయి అని చూసి చీటీ ఇచ్చేవారు. అమ్మోనియా పెరిగితే మేత ఆపి నీళ్లు మార్చాలి. లేకపోతే చేప దక్కదు. సాయంత్రం అన్ని చెరువుల చీటీలనూ వరసగా ముద్రించే ప్రోగ్రాం మాదే. ఏడాదిపాటు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. అక్కడ అంకెలు ఎక్కించే అమ్మాయి మానేసి, ఆమె స్థానంలోకి వెంకటరత్నం గారని ఒక పెద్దాయన వచ్చారు. అప్పటినుంచి చీటీలు ముద్రించేటప్పుడల్లా ‘టంగ్’మని ఆగిపోవడం మొదలైంది. పెట్టెలో ‘టైప్ మిస్‌మ్యాచ్’ అని ఉండేది. అంటే అంకె ఉండాల్సిన చోట అంకె కానిదేదో ఉందని అర్థం.

ఆ వారం మస్తాన్ గారు తల్లికి ఒంట్లో బాగాలేదని గుంటూరు వెళ్లారు. నేనొక్కదాన్నే కలిదిండి వెళ్లాను. తెర మీద అంకెలన్నీ శుభ్రంగానే కనిపిస్తున్నాయి. నేను స్వయంగా కొడితే చీటీ సరిగ్గానే వస్తోంది. ఆయన కొడితే ఆగిపోతోంది. తల ప్రాణం తోకకొచ్చింది. బయట అరుగు మీద రైతులు చీటీల కోసం కూర్చుని ఉన్నారు. ల్యాబు యజమాని, “ఏమ్మా, అయ్యేదేనా, లేకపోతే చేత్తో రాసిచ్చేయమంటారా?” అని రెండుసార్లు అడిగాడు. మస్తాన్ గారికి ఫోన్ చేయొచ్చు. ఈ మాత్రం నావల్ల కాలేదనుకుంటారేమోనని చేయలేదు. ఆ లైను పెట్టేశాను. మోత ఆగింది, చీటీలు టకటకా వచ్చేశాయి. అందరూ మెచ్చుకున్నారు, యజమాని కూల్‌డ్రింక్ తెప్పించాడు. పీడా వదిలిందని చేతులు దులుపుకుని బస్సెక్కాను. మస్తాన్ గారు ఊరినుంచి వచ్చి అడిగితే, “చిన్నదేనండీ, సరిచేసేశాను” అన్నాను.

పదిహేను రోజులు కాకుండానే ల్యాబునుంచి కబురొచ్చింది. సుబ్బరాజు గారని ఒక రైతు చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. అమ్మోనియా తక్కువే ఉందని మన చీటీలో ఉంది, పుస్తకంలో చేత్తో రాసుకున్నది చూస్తే ఎన్నో రెట్లు ఎక్కువుంది అన్నారు.  కలిదిండి వెళ్లే బస్సులో దారిపొడుగునా మస్తాన్ గారు కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చున్నారు. ఆయన్ని పలకరించే ధైర్యం నాకు లేకపోయింది.

ల్యాబులో సుబ్బరాజు గారు ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు. కౌలుకి తీసుకున్న చెరువు, ఇంకో నెలలో పట్టుబడికొచ్చే చేప. మనిషి అరవడం లేదు. చీటీ మడతపెట్టి మోకాలి మీద పెట్టుకుని, దాన్ని వేలితో నిమురుతూ ఉన్నారు. మస్తాన్ గారు ఆయనకి నమస్కారం పెట్టి, కోడ్ జోలికి పోకుండా, స్టూలు లాక్కుని వెంకటరత్నం గారి పక్కన కూర్చున్నారు. “మీ పని మీరు చేసుకోండి, నేను చూస్తానంతే” అన్నారు. తెరవైపు కాదు, ఆయన చేతులవైపు చూశారు. ఐదు నిమిషాలు కూడా కాలేదు. “వెంకటరత్నం గారూ, ఒక్కసారి ఒకటి అంకె కొట్టండి” అన్నారు. ఆయన కుడిచేతి ఉంగరం వేలు కిందికి దిగింది. ఒకటి అంకె ఉండేది ఎడమవైపు పై వరసలో.

“మీరు నేర్చుకున్న మిషన్లో ఒకటికి వేరే మీట లేదు కదండీ?” అన్నారు మస్తాన్ గారు.

“లేదండీ. చిన్న ఎల్ కొట్టేవాళ్లం. ముప్పై ఏళ్లు అలాగే కొట్టాను. ఇక్కడా అంతే కదండీ?” అన్నారాయన అమాయకంగా.

చూపుకి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం మొదటిది అంకె, రెండోది అక్షరం. ఎల్ ఉన్నచోటల్లా ప్రోగ్రాం తప్పని మొత్తుకుంది. నేను దాని నోరు నొక్కాను. అప్పుడది ఏం చేసిందంటే, ఆ చెరువు విలువ తీసుకోలేక, వరసలో అంతకుముందున్న చెరువు విలువనే దీనికీ ముద్రించింది. సుబ్బరాజు గారికి పక్కవాడి చెరువు చీటీ వెళ్లింది. ఆయన దాన్ని నమ్మి మేత వేస్తూనే ఉన్నారు. మస్తాన్ గారు కోడ్ తెరిచి ఆ లైను దగ్గర ఆగారు. తల తిప్పి నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

మస్తాన్ గారు జరిగింది వివరించాక సుబ్బరాజు గారు లేచొచ్చి, “ఎవరు రాశారండీ ఇది?” అన్నారు.

అక్కడ నేను నోరు విప్పాలి. నేనేనండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? నీళ్లు నములుతూ నిలబడ్డాను.  చివరికి మస్తాన్ గారు, “నేనేనండీ. తప్పు నాదే” అన్నారు.

తిరుగు బస్సులో ఏడ్చాను.  కైకలూరు దాటాక ఆయన, “మీరు చెప్తారేమోనని కాసేపు చూశానండీ. మీరు బాగా భయపడుతున్నారు, అందుకని నేను చెప్పేశాను” అన్నారు. మరి కాసేపటికి, “ఎప్పుడైనా కాస్త ధైర్యం వచ్చినప్పుడు వెళ్లి ఆయనకి మీరే చెప్పండి. నాకోసం కాదులెండి. లేకపోతే మీకు నిద్ర పట్టదు” అన్నారు. తప్పకుండా చెప్తానండీ అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను కూడా.

చెప్పలేదు. ల్యాబువాళ్లు మా ప్రోగ్రాం తీసేశారు. కబురు చెరువుల వెంట పాకింది, కొల్లేరు చుట్టుపక్కల మమ్మల్ని పిలిచేవాళ్లే లేకపోయారు. ఆ ఏడు తిరక్కుండానే మస్తాన్ గారు పవర్‌పేట గది ఖాళీ చేసి, కోర్టు దగ్గర జిరాక్స్ మిషన్ పెట్టుకున్నారు. మళ్లీ ప్రోగ్రాం రాయలేదు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం ఆయన మాటసాయంతోనే వచ్చింది. సెలవులకొచ్చినప్పుడు ఒకసారి వెళ్లి కలిశాను. కలిదిండి వెళ్లారా అని ఆయన అడుగుతారేమోనని కుర్చీ అంచున కూర్చున్నాను. అడగలేదు. టీ తెప్పించారు, నా పని గురించి ఆసక్తిగా విన్నారు. ఆ తర్వాత నేను ఆ వీధిలోకే వెళ్లలేదు. ఆయన పోయారని నాకు తెలిసేసరికి నాలుగు నెలలైంది.

అప్పుడు వెళ్లాను కలిదిండి. సుబ్బరాజు గారు బాగా తగ్గిపోయారు, వేరేవాళ్ల చెరువు గట్టు మీద కాపలా ఉంటున్నారు. నేనెవరో ఆయనకి గుర్తులేదు. నిలబడే అంతా చెప్పాను. ఆ లైను రాసింది నేను, మస్తాన్ గారు కాదు అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బతికిపోదును.

ఆయన నీళ్లవైపు చూస్తూ, “ఆయన మా ఇంటికి రెండుసార్లొచ్చాడమ్మా” అన్నారు. “రోజూ వచ్చి నీళ్లు నేనే పరీక్ష చేసిపెడతానండీ, మళ్లీ చెరువు వేసుకోండి అన్నాడు. గుమ్మం ఎక్కనివ్వలేదు నేను. రెండోసారి వీధిలో నిలబెట్టి, పదిమందిలో అనరాని మాటలన్నాను. అన్నీ విని, సరేనండీ అని వెళ్లిపోయాడు. ఆయన బతికుండగా నువ్వు చెప్పుంటే, ఏలూరెళ్లి ఆ చేతులు పట్టుకునేవాణ్ని కదమ్మా. ఇప్పుడెవరి చేతులు పట్టుకోమంటావు?”

 ఈ సంగతి మస్తాన్ గారు ఆ రోజు టీ తాగుతూ కూడా నాతో అనలేదు. ఆయన నేర్పిన పనితో ఇన్నేళ్లుగా అన్నం తింటున్నాను. ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క పని. అది ఆయన పోయాక చేశాను.